గుండె పంపే రేడియో కబురు

గుండె లయ, రక్తంలో చక్కెర, బీపీ వంటి కొలతలను తీగ అక్కర్లేకుండా వైద్యుడి ముందుకు చేర్చే పరికరాలు ఇవాళ చాలా రకాలున్నాయి. కొన్ని ఛాతీ చర్మం కింద అమరి ఉంటాయి, కొన్ని జబ్బకు అంటుకుని ఉంటాయి, కొన్ని వాచీలుగా మణికట్టు మీద తిరుగుతాయి. ఒకటైతే మాత్రలా గొంతు దిగి, పేగుల వెంట ప్రయాణిస్తూ ఫొటోలు తీసి పంపుతుంది. రూపాలు వేరైనా అన్నిటి పనీ ఒకే దారిలో సాగుతుంది. సెన్సర్ కొలుస్తుంది, దాని పక్కనే ఉన్న చిన్న రేడియో ఆ కొలతను పంపుతుంది, దగ్గర్లోని పెట్టె గానీ ఫోన్ గానీ అందుకుని ఇంటర్నెట్ మీదుగా ఆసుపత్రి కంప్యూటరుకు చేరవేస్తుంది, చివర ఒక మనిషి దాన్ని చూడాలి. ఈ దారిలో ఇంజనీర్లు ఎక్కువగా చెమటోడ్చింది మొదటి సగం మీద. రోగికి మేలు జరిగిందా లేదా అన్నది మాత్రం చాలాసార్లు చివరి కొసనే తేలింది.

దూరం నుంచి గుండెను చూసే ప్రయత్నం రేడియో కంటే ముందు టెలిఫోన్ తీగ మీద మొదలైంది. ఈసీజీకి రూపమిచ్చిన డచ్ శాస్త్రజ్ఞుడు విలెం ఐంథోవెన్ యంత్రం చాలా పెద్దది, కదిలించే వీలు లేనిది. నడవలేని రోగులను దాని దగ్గరకు తేవడం కష్టం కనుక, 1905లో లైడెన్ ఆసుపత్రిలోని రోగుల గుండె సంకేతాలను కిలోమీటరున్నర దూరంలోని తన ప్రయోగశాలకు టెలిఫోన్ తీగ ద్వారా రప్పించి నమోదు చేశాడు. ఆ తీగను వదిలించుకోవడానికి మరో నలభై ఏళ్లు పట్టింది. అమెరికాలోని మోంటానా రాష్ట్రానికి చెందిన నార్మన్ హోల్టర్ 1947లో ఈసీజీని రేడియో ద్వారా ప్రసారం చేశాడు. అందుకు వీపున మోయాల్సిన సరంజామా బరువు సుమారు 38 కిలోలు. ట్రాన్సిస్టర్ వచ్చాక ఆ బరువు దిగింది. 1961లో యూరీ గగారిన్ భూమి చుట్టూ తిరుగుతున్నప్పుడు ఆయన గుండె, ఊపిరి సంకేతాలు రేడియోలో నేలకు చేరుతూనే ఉన్నాయి. హోల్టర్ మాత్రం రేడియోను పక్కనపెట్టి టేపు మీద రికార్డు చేసే పద్ధతికి మళ్లాడు. విజయవాడలోనైనా వరంగల్‌లోనైనా గుండె డాక్టర్ ‘ఒకరోజు హోల్టర్ పెట్టించుకోండి’ అని రాసేది ఆ రికార్డింగు పెట్టె వారసుడినే. వైర్‌లెస్‌కు ఆద్యుడైన మనిషి పేరు రేడియో లేని పరికరానికి స్థిరపడింది.

ఆసుపత్రి వార్డుల్లో రేడియో మానిటర్లు పెరిగిన కొద్దీ ఒక పాత నిర్లక్ష్యం బయటపడింది. అమెరికాలో ఈ మానిటర్లు టీవీ ప్రసారాలకు కేటాయించిన బ్యాండ్లలో, ఆ ఊళ్లో ఖాళీగా ఉన్న చానల్‌ను వాడుకునేవి. వాడుకే తప్ప దాని మీద హక్కు లేదు. 1998 ఫిబ్రవరిలో డాలస్ నగరంలోని ఒక టీవీ కేంద్రం కొత్త డిజిటల్ ప్రసారాన్ని పరీక్షించగానే బేలర్ వైద్య కేంద్రంలోని గుండె మానిటర్లకు సంకేతాలు అందకుండా పోయాయి. అదృష్టవశాత్తు రోగులెవరికీ హాని జరగలేదు. ఇలాంటిది మళ్లీ జరగకుండా 2000లో అమెరికా సమాచార ప్రసారాల కమిషన్ వైద్య టెలిమెట్రీకి, అంటే రోగి కొలతలను రేడియోలో పంపే పరికరాలకు, సొంత బ్యాండ్లు కేటాయించింది. వాటిలో 608 నుంచి 614 మెగాహెర్ట్జ్ వరకు ఉన్నది టీవీ లెక్కలో 37వ చానల్. రేడియో ఖగోళ పరిశోధన కోసం అక్కడ టీవీ ప్రసారాలను ఎప్పుడో నిషేధించారు. అలా అమెరికాలో రోగి గుండె చప్పుడూ, సుదూర గెలాక్సీల సంకేతాలూ ఒకే పౌనఃపున్యాన్ని పంచుకుంటున్నాయి.

ఒంటి లోపలి పరికరాలకు పౌనఃపున్యం ఎంచుకోవడం మరింత చిక్కు. మనిషి శరీరంలో సగానికి పైగా నీరే. బ్లూటూత్, వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీరు బాగా పీల్చుకుంటుంది. మైక్రోవేవ్ ఓవెన్ అన్నాన్ని వేడి చేసేదీ దాదాపు అదే పౌనఃపున్యంతో. పౌనఃపున్యాన్ని తగ్గిస్తే ఈ పీల్పు తగ్గుతుంది. కానీ తరంగదైర్ఘ్యం పెరుగుతుంది కనుక యాంటెన్నా కూడా పెద్దది కావాలి, చర్మం కింద అంత చోటు ఉండదు. ఈ రెంటికీ మధ్య కుదిరిన రాజీ 402 నుంచి 405 మెగాహెర్ట్జ్ బ్యాండ్. ఆ తరంగం గాలిలో ముప్పావు మీటరు పొడవుంటుంది. కండరంలోకి దిగేసరికి ఏడో వంతుకు కుదించుకుపోతుంది. కాబట్టి పేస్‌మేకర్ అంచున పట్టే యాంటెన్నా సరిపోతుంది. వాతావరణ బెలూన్లు అప్పటికే చాలా దేశాల్లో ఇదే బ్యాండ్‌ను వాడుతున్నాయి, అంటే అది దేశానికో తీరుగా మారదు. రోగి ఏ దేశం వెళ్లినా పరికరం పనిచేయాలి కనుక అందరికీ ఒకే బ్యాండ్ దొరకడం పెద్ద వెసులుబాటు. 1999లో అమెరికా దీన్ని శరీరంలో అమర్చే పరికరాలకు అనుమతించింది. ప్రసార శక్తి 25 మైక్రోవాట్లు మించకూడదు. ఇంటి వైఫై పెట్టె పంపేదానిలో ఇది వేల వంతు. రెండు మీటర్ల దూరం దాకా అందితే అదే గొప్ప.

మింగే కెమెరా ఈ లెక్కల మీదే నిలిచింది. ఇజ్రాయెల్ ఇంజనీర్ గావ్రియెల్ ఇడ్డాన్ ఆలోచనతో తయారై 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఆ గుళిక పొడవు 26 మిల్లీమీటర్లు, వెడల్పు 11. సెకనుకు రెండు ఫొటోల చొప్పున ఎనిమిది గంటల్లో యాభై వేలకు పైగా ఫొటోలను పొట్ట చుట్టూ అంటించిన యాంటెన్నాలకు పంపుతుంది. ఎండోస్కోపీ గొట్టం అందని చిన్నపేగు మధ్యభాగంలో రక్తం ఎక్కడ కారుతోందో పట్టుకోవడానికి ఇది వచ్చాకే తేలికైన దారి ఏర్పడింది. పని అయ్యాక గుళిక మలంతో బయటికి పోతుంది.

పేస్‌మేకర్‌కు అలా బయటపడే వీలు లేదు, కనుక దాని ప్రతి నిర్ణయం వెనకా బ్యాటరీ ఉంటుంది. 1958లో స్వీడన్‌లో ఆర్నే లార్సన్ ఒంట్లో అమర్చిన తొలి పేస్‌మేకర్ బ్యాటరీని చర్మం మీద తీగచుట్ట పెట్టి విద్యుదయస్కాంత ప్రేరణతో చార్జి చేసేలా రూపొందించారు. అది కొన్ని గంటలే పనిచేసింది. ఆయన మాత్రం వరుసగా మార్చిన పాతిక పైచిలుకు పేస్‌మేకర్లతో 2001 దాకా బతికాడు. నేటి పేస్‌మేకర్ సగటున పది మైక్రోఆంపియర్ల స్థాయిలో విద్యుత్తు వాడుకుంటుంది. ఒక ఆంపియర్-అవర్ బ్యాటరీని ఆ లెక్కన ఖర్చు పెడితే లక్ష గంటలు, అంటే పదకొండేళ్ల పైమాట. రేడియోను ఎప్పుడూ తెరిచి ఉంచితే ఆ ఆయువు కరిగిపోతుంది. అందుకే అది రోజంతా మూతపడి ఉండి, సాధారణంగా రోగి నిద్రపోయే వేళ కొన్ని క్షణాలు మేల్కొని, మంచం పక్కనున్న పెట్టెకు ఆనాటి చిట్టా అప్పజెప్పి మళ్లీ మూతపడుతుంది.

పేస్‌మేకర్ ఉన్నవారికి ఇంట్లో ఎదురయ్యే సందేహాలకు దాని రేడియో బ్యాండ్‌తో పెద్దగా సంబంధం లేదు. సెల్‌ఫోన్ సిగ్నల్ కంటే అందులోని అయస్కాంతమే ఎక్కువ చిక్కు. పరికరాన్ని పరీక్షించేటప్పుడు వైద్యులు అయస్కాంతం పెట్టి దాని తీరు మారుస్తారు కనుక, అయస్కాంతం దగ్గరైతే అది పరీక్ష అనుకుని ప్రవర్తిస్తుంది. ఫోన్‌ను చొక్కా జేబులో పెట్టుకోకుండా 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచితే చాలు. ఇండక్షన్ స్టవ్ దగ్గర రెండడుగులు ఎడంగా నిలబడమంటారు.

బ్యాటరీయే లేని పరికరం కూడా ఉంది. గుండె వైఫల్యం ఉన్నవారి పుపుస ధమనిలో వదిలే కార్డియోమెమ్స్ అనే సెన్సర్‌లో ఉన్నవి ఒక తీగచుట్ట, ఒత్తిడికి వంగే కెపాసిటర్ మాత్రమే. రోగి యాంటెన్నా ఉన్న తలగడ మీద పడుకోగానే ఆ తరంగమే సెన్సర్‌ను కదిలిస్తుంది. రక్తపు ఒత్తిడిని బట్టి అది స్పందించే పౌనఃపున్యం మారుతుంది, ఆ మార్పే కొలత. ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం మొదలవడానికి చాలా ముందే ఈ ఒత్తిడి పెరుగుతుంది. 550 మంది మీద జరిపి 2011లో ప్రచురించిన ఛాంపియన్ అధ్యయనంలో, ఈ కొలత చూసి మందులు సర్దిన వర్గం ఆరు నెలల్లో గుండె వైఫల్యంతో ఆసుపత్రి పాలవడం 28 శాతం తగ్గింది.

మంచం పక్క పెట్టె ఆలోచనను 2001లో జర్మన్ సంస్థ బయోట్రానిక్ సెల్‌ఫోన్ నెట్‌వర్క్‌తో కలిపి అమలులోకి తెచ్చింది. అప్పటిదాకా పేస్‌మేకర్ ఏమంటోందో తెలియాలంటే రోగి మూణ్నెల్లకో ఆర్నెల్లకో ఆసుపత్రికి రావాలి, ఛాతీ మీద చిన్న యంత్రం ఆనించి చదవాలి. మధ్యలో లయ తప్పినా, పరికరం నుంచి గుండెకు వెళ్లే తీగ తెగినా తదుపరి పరీక్ష దాకా ఎవరికీ తెలిసేది కాదు. షాకిచ్చే డీఫిబ్రిలేటర్లు అమర్చిన 1,339 మందితో సాగిన ట్రస్ట్ అధ్యయనం 2010లో వెల్లడించిన ప్రకారం, లయ లోపం తలెత్తినప్పటి నుంచి వైద్యుడు పరిశీలించేదాకా మామూలు పద్ధతిలో నెలకు పైగా పట్టింది. దూర పర్యవేక్షణలో రెండు రోజులలోపే ముగిసింది. ఆసుపత్రి పరీక్షలు 45 శాతం తగ్గాయి.

సమాచారం త్వరగా చేరితే ప్రాణం నిలుస్తుందా అన్నది వేరే ప్రశ్న. దానికి వచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి పొసగవు. 664 మంది గుండె వైఫల్య రోగులతో జరిగి 2014లో ప్రచురితమైన ఇన్-టైమ్ అధ్యయనంలో, ఏడాది తర్వాత దూర పర్యవేక్షణ వర్గంలో 10 మంది, మామూలు వర్గంలో 27 మంది మరణించారు. ఇంగ్లండ్‌లో 1,650 మంది మీద జరిపి 2017లో ప్రచురించిన రెమ్-హెచ్ఎఫ్ అధ్యయనంలోనూ పరికరాలు అలాంటివే, జబ్బూ అదే. తేడా మాత్రం కనబడలేదు. కారణం వెతికితే రేడియోలో దొరకదు. మొదటి అధ్యయనంలో కబురు రోజూ వచ్చేది, దాన్ని చూడటానికే ఒక కేంద్ర బృందం కూర్చుని ఉండేది, అనుమానం వస్తే చికిత్స చేసే డాక్టరును హెచ్చరించేది. రెండోదానిలో వారానికోసారి సమాచారం తీసుకుని ఉన్న సిబ్బందే తమ ఇతర పనుల మధ్య చూసుకున్నారు. బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రి చేపట్టి 2018లో ప్రచురించిన మరో అధ్యయనం ఈ ఊహకు బలమిచ్చింది. అక్కడ ఇరవైనాలుగు గంటలూ వైద్యులు, నర్సులు ఉండే కేంద్రం నడిచింది. ఇళ్ల నుంచి బరువు, బీపీ, ఈసీజీ అక్కడికి వచ్చేవి. ఏడాదిలో ఆసుపత్రిలోనో మరణంతోనో పోయిన రోజుల వాటా 6.64 శాతం నుంచి 4.88 శాతానికి తగ్గింది. పరికరాలు అమ్మేవారి కరపత్రాల్లో ఈ నర్సుల జీతాల ప్రస్తావన సాధారణంగా ఉండదు.

మధుమేహం విషయంలో మనిషి చూసే దశను కొంతవరకు దాటవేయడం సాధ్యమైంది. జబ్బకో పొట్టకో అతికించే షుగర్ సెన్సర్ నుంచి సన్నని పోగు చర్మం కిందికి దిగుతుంది. దాని మీద పూసిన గ్లూకోజ్ ఆక్సిడేజ్ ఎంజైమ్ కణాల మధ్య ద్రవంలోని చక్కెరతో చర్య జరుపుతుంది, పుట్టిన అతిస్వల్ప విద్యుత్తే కొలత. రక్తంలో చక్కెర మారిన కొన్ని నిమిషాలకు గానీ ఆ ద్రవంలో మారదు. తిన్న వెంటనే వేలి నెత్తుటి పరీక్షతో పోల్చి సెన్సర్ తప్పు చూపిందనుకునేవారు ఈ ఆలస్యాన్ని గుర్తుపెట్టుకోవాలి. సెన్సర్ పది నుంచి పదిహేను రోజులు పనిచేసి పారేసేది. కనుక ఇక్కడ బ్యాటరీ బెంగ తక్కువ, చర్మం బయట ఉంటుంది కనుక బ్లూటూత్ సరిపోతుంది. 2010లో వచ్చిన తక్కువ విద్యుత్తు బ్లూటూత్ ఇలాంటి పరికరాలన్నిటికీ దారి తెరిచింది. సెన్సర్ చెప్పినదాన్ని బట్టి ఇన్సులిన్ పంపు తనంత తానే మోతాదు సర్దుకునే జంట పరికరానికి 2016లో అమెరికా అనుమతి ఇచ్చింది. భోజనం ముందు పిండిపదార్థం లెక్క మాత్రం రోగే చెప్పాల్సి ఉండేది.

కంపెనీల కంటే ముందే కొందరు రోగులు ఈ జంటను ఇంట్లో కట్టుకున్నారు. మార్కెట్లో ఉన్న పాత ఇన్సులిన్ పంపుల్లో ఒక లోపం ఉండేది: బయటి నుంచి రేడియోలో వచ్చిన ఆజ్ఞ ఎవరిదో సరిచూడకుండానే అవి పాటించేవి. ప్రోగ్రామింగ్ తెలిసిన మధుమేహులు ఆ లోపాన్నే ఆసరా చేసుకుని, చిన్న కంప్యూటరుతో సెన్సర్‌నూ పంపునూ కలిపారు, ఆ పద్ధతిని 2015లో అందరికీ ఉచితంగా విడుదల చేశారు. 2019లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ అదే లోపం మీద హెచ్చరిక జారీ చేసి పాత పంపులు మార్చుకోమంది. అప్పటికి సెకండ్ హ్యాండ్‌లో వాటి కోసమే వెతికేవారు ఉన్నారు.

ఆజ్ఞ ఎవరిదో చూడని పరికరం గుండెలో ఉంటే ఎంత ప్రమాదమో 2008లోనే రుజువైంది. మసాచుసెట్స్, వాషింగ్టన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ప్రయోగశాలలో ఒక డీఫిబ్రిలేటర్ రేడియో సంభాషణను విని, రోగి వివరాలు చదివి, షాకు ఇచ్చే ఆజ్ఞ కూడా పంపగలిగారు. అయితే కొన్ని సెంటీమీటర్ల దూరం నుంచే. అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు డిక్ చేనీకి 2007లో అమర్చిన పరికరంలో వైర్‌లెస్ సౌకర్యాన్ని ఆయన వైద్యుడు ముందుజాగ్రత్తగా మూసివేయించాడు. 2017లో అమెరికాలో సుమారు 4,65,000 పేస్‌మేకర్లకు భద్రత లోపం సరిదిద్దే కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాల్సి వచ్చింది. శస్త్రచికిత్స అక్కర్లేదు, క్లినిక్‌లో మూడు నిమిషాల పని. రోగులకు హాని చేసే దాడి జరిగినట్టు అప్పటికి ఒక్క దాఖలా లేదు. గట్టి తాళం వేయడమూ అంత సులువు కాదు. స్పృహ తప్పి తెలియని ఊళ్లో అత్యవసర విభాగానికి వచ్చిన రోగి పేస్‌మేకర్‌ను అక్కడి డాక్టర్ వెంటనే తెరవగలగాలి. ఆసుపత్రులకు అసలు దెబ్బ మరో వైపు నుంచి తగిలింది. 2017 మేలో వాన్నాక్రై అనే సాఫ్ట్‌వేర్ పురుగు బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల కంప్యూటర్లను స్తంభింపజేసి వేల అపాయింట్‌మెంట్లు రద్దు చేయించింది.

ఆరోగ్యవంతులు కొనుక్కునే వాచీల సంగతి వేరు. ఆపిల్ వాచీ మీద జరిపి 2019లో ప్రచురించిన అధ్యయనంలో 4,19,297 మంది చేరారు. నాడి లయ తప్పిందన్న హెచ్చరిక అందుకున్నది అర శాతం మందే. వారిలో ఈసీజీ పట్టీ పెట్టుకుని తిరిగి పంపినవారిలో 34 శాతానికి కర్ణికల లయ లోపం బయటపడింది. ఈ లోపం వచ్చి పోతూ ఉంటుంది, పట్టీ పెట్టిన వారంలో కనబడకపోయినంత మాత్రాన వాచీ అబద్ధమాడిందనలేం. అయినా పాతికేళ్ల యువకుడి చేతికి ఉన్న వాచీ ఇచ్చే హెచ్చరికకూ, డెబ్బై ఏళ్ల బీపీ రోగికి వచ్చే హెచ్చరికకూ ఒకే విలువ కట్టకూడదు.

సెన్సర్ తప్పితే రేడియో ఆ తప్పును అంతే నమ్మకంగా మోసుకొస్తుంది. కోవిడ్ కాలంలో ఇంటింటికీ చేరిన ఆక్సీమీటర్ 1974లో జపాన్ ఇంజనీర్ టకువో అయోయాగి ఆలోచన మీద నడుస్తుంది. ఎర్ర కాంతినీ పరారుణ కాంతినీ వేలి గుండా పంపి, ఆక్సిజన్ ఉన్న రక్తం, లేని రక్తం వాటిని వేర్వేరుగా పీల్చుకోవడాన్ని బట్టి శాతం లెక్కిస్తుంది. 2020లో అమెరికా వైద్యులు చూపినదేమంటే, ఆక్సిజన్ నిజంగా పడిపోయినా పరికరం బాగుందని చూపడం తెల్లవారిలో కంటే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువ. చర్మంలోని మెలనిన్ లెక్కను తప్పిస్తోంది. నల్లని మేనిచాయ సాధారణమైన మన ప్రాంతంలో ఈ విషయానికి రావలసినంత ప్రచారం రాలేదు.

తెలుగునేలకు దూరవైద్యం త్వరగానే వచ్చింది. 2000 మార్చి 24న చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో సంస్థ టెలిమెడిసిన్ కేంద్రాన్ని, ఆనాడు హైదరాబాద్ వచ్చిన అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించారు. ఊరికీ పట్నపు ఆసుపత్రికీ మధ్య లంకె ఉపగ్రహం. ఆ తరహా సంప్రదింపు దేశమంతటా మామూలైంది 2019లో మొదలైన ప్రభుత్వ దూరవైద్య సేవ ఈ-సంజీవనితో. 2023 ఫిబ్రవరికి సంప్రదింపులు పది కోట్లు దాటాయి, వాటిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. అయితే వీడియోలో డాక్టర్ ముఖం కనబడినంత మాత్రాన నాడి దొరకదు. పల్లె క్లినిక్‌లో కొలిచిన బీపీ, షుగరు, ఈసీజీ అంకెలు తప్పుల్లేకుండా అటు చేరినప్పుడే ఆ మాటలకు బలం. అక్కడి ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం) నోటితో చెప్పి, అవతల టైపు చేసే చోట అంకె మారే అవకాశం ఉంటుంది. కొలిచే పరికరమే నేరుగా పంపితే ఆ బెడద తప్పుతుంది.

భారత ప్రజారోగ్యంలో సడిచప్పుడు లేకుండా పనిచేస్తున్న వైర్‌లెస్ పరికరం రోగి ఒంటి మీద లేదు, టీకాల ఫ్రిజ్‌లో ఉంది. 2015లో మొదలైన ఈ-విన్ పథకంలో ఆరోగ్య కేంద్రాల ఫ్రిజ్‌లలో సిమ్ కార్డు ఉన్న ఉష్ణమాపకాలు పెట్టారు. వేడి 2 నుంచి 8 డిగ్రీల హద్దు దాటితే బాధ్యుల ఫోన్లకు హెచ్చరిక వెళుతుంది. కరెంటు పోయి పాడైన టీకా పైకి మంచిదానిలాగే కనిపిస్తుంది కనుక ఇది చిన్న సంగతి కాదు. హెచ్చరిక వచ్చినప్పుడు వెళ్లాల్సిన మనిషి పేరు, ఫోన్ నంబరు ముందే రాసి ఉండటం దీని బలం.

ఒంట్లో అమర్చిన వైర్‌లెస్ పరికరానికి ఇంకో ఆధారం కూడా కావాలి, తయారుచేసిన కంపెనీ. చూపు కోల్పోయినవారి కోసం కాలిఫోర్నియాలోని సెకండ్ సైట్ సంస్థ చేసిన ఆర్గస్-2లో కళ్లద్దాల మీది కెమెరా దృశ్యాన్ని నడుముకు కట్టిన పెట్టెకు ఇస్తుంది. అక్కడి నుంచి తీగలేకుండా కంటి లోపలి 60 ఎలక్ట్రోడ్లకు సంకేతం వెళ్లి, వెలుతురు మచ్చలుగా కనిపిస్తుంది. 2013లో దీనికి అమెరికాలో అనుమతి వచ్చింది. ప్రపంచవ్యాప్తంగా 350 మందికి పైగా అమర్చుకున్నారు. 2019లో కంపెనీ దీన్ని ఆపేసింది, మరుసటి ఏడాది సిబ్బందిలో చాలామందిని పంపేసింది. ఆ తర్వాత బయటి పెట్టె చెడితే విడిభాగాలు దొరకలేదు. ఎమ్మారై స్కాన్ తీయించుకోవచ్చో లేదో అడిగినవారికి కంపెనీ నుంచి జవాబు చెప్పేవారు కరువయ్యారు. పని మానేసిన ఎలక్ట్రోడ్లను కంట్లోంచి తీయాలంటే మళ్లీ శస్త్రచికిత్స చేయాలి. అది వద్దనుకున్నవారి కంట్లో అవి అలాగే ఉన్నాయి.